సరిహద్దు దాటే తుపాకీ: ఆయుధాల చట్టం

తుపాకీ లైసెన్సు దానంతటదే దేశమంతటా చెల్లదు. ఆయుధాల చట్టం–1959, ఆయుధాల నిబంధనలు–2016 ప్రకారం లైసెన్సులో రాసిన ప్రాంతం వరకే దానికి విలువ. రాష్ట్ర విభజన జరిగిన 2014 జూన్ 2కు ముందు కర్నూలు నుంచి అలంపూర్ వెళ్లడం ఒకే రాష్ట్రంలో ప్రయాణం. ఇప్పుడు తుంగభద్ర దాటితే తెలంగాణ. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సుతో రివాల్వర్‌ను కారులో పెట్టుకుని హైదరాబాద్ వెళ్తే చిక్కే. కడప నుంచి బెంగళూరు వెళ్లినా అంతే.

లైసెన్సు లేని ఆయుధానికి సెక్షన్ 25(1-బి) కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. 2019 సవరణకు ముందు ఇది 1 నుంచి 3 ఏళ్లే. లైసెన్సు షరతు ఉల్లంఘిస్తే వర్తించేది సెక్షన్ 30: 6 నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ. చాలామంది తికమకపడేది ఈ రెండింటి దగ్గరే.

అనుమానాస్పదంగా ఆయుధం తరలించేవారిని వారంటు లేకుండా పట్టుకునే అధికారం సెక్షన్ 20 కింద పోలీసులకే కాదు, రైల్వే సిబ్బందికీ ఉంది. సంచిలో మరిచిపోయిన తూటా కూడా కేసు తెచ్చిపెడుతుంది. అయితే ఆయుధం తన దగ్గరుందన్న ఎరుక నిందితుడికి ఉండాలని గున్వంత్‌లాల్ కేసులో (1972) సుప్రీంకోర్టు చెప్పింది. ఇక రాయలసీమ ఫ్యాక్షన్ కేసుల్లో వినిపించే నాటుబాంబులకు సాధారణంగా 1908 నాటి పేలుడు పదార్థాల చట్టాన్ని ప్రయోగిస్తారు.