క్వార్టర్స్‌లో ఉమ్మడి తోట: పది ఇళ్లకు ఒకటే డ్రమ్ము

యూనివర్సిటీ క్వార్టర్స్‌లో కుటుంబంతో ఉండేవాళ్లకు ఉమ్మడి తోట ఎలా నడపాలో మా కోయిలకుంట్ల నల్లరేగడిలో సేద్యం చేసిన అనుభవంతో చెప్తాను.

ఇంటికొక సెంటు చొప్పున పది ఇళ్లు అనుకుందాం. ఎకరాకు 200 లీటర్ల ద్రవజీవామృతం లెక్కన పది సెంట్లకు 20 లీటర్లు చాలు. 20 లీటర్ల నీళ్లలో ఆవు పేడ 1 కిలో, మూత్రం 1 లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, గుప్పెడు గట్టు మట్టి వేయాలి. నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కలియతిప్పాలి. 48 గంటల తర్వాత వారంలోపు వాడేయాలి. ఎవరికి వారు చేసుకుంటే దండగ, వంతులు వేసుకోండి.

మడులకు గట్లు వేయొచ్చు గానీ గాలికి వేయలేం. ఒక్కరు పురుగుమందు కొడితే పక్క మడిలో మిత్రపురుగులు కూడా పోతాయి. అందుకే విత్తనం వేయకముందే రసాయనాలు వద్దని అందరూ ఒప్పుకోవాలి. పేనుబంక కనిపించిన వెంటనే నీమాస్త్రం కొట్టండి.

ఎండాకాలం సెలవులకు ఊరికి పోతే మడి ఎండిపోతుంది. రేగడి అయితే నెర్రెలిస్తుంది. పోయేముందు ఎండుగడ్డి మందంగా కప్పి, నీళ్ల పని పక్కింటోళ్లకు అప్పజెప్పండి. నీళ్లు పోసినోళ్లదే కాపు అంటే ఎవరూ మరిచిపోరు.

చదువు అయిపోయి ఖాళీ చేసేటప్పుడు బీర, చిక్కుడు విత్తనం ఎండబెట్టి కొత్తగా వచ్చేవాళ్లకు ఇచ్చి పోండి.