సగం గ్లాసు కాఫీ

సమస్య

నాకు 43 ఏళ్ళు, బ్యాంకులో పనిచేస్తున్నాను. మావారు మందుల కంపెనీలో మేనేజరు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు తెనాలి దగ్గర ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి, కూకట్‌పల్లిలో మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకు 76 ఏళ్ళు. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. పోయిన ఏడాది రెండుసార్లు స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయారు. పగలంతా ఒంటరిగా వదలడానికి భయపడి, దగ్గర్లో ఉన్న పెద్దల డే కేర్ సెంటర్‌లో చేర్పించాం. పొద్దున తొమ్మిదిన్నరకు వ్యాన్ వస్తుంది, సాయంత్రం ఐదున్నరకు దింపుతుంది. నెలకు 14,000 కడుతున్నాం.

సెంటర్ మీద నాకేం ఫిర్యాదు లేదు. ఏసీ హాలు, పెద్ద టీవీ, మెత్తటి కుర్చీలు. పండగలకు కార్యక్రమాలు చేస్తారు, రోజూ వాట్సాప్‌లో ఫోటోలు పెడతారు. అన్నీ టైము ప్రకారం జరుగుతాయి. ఒకరోజు ఆవిడను ముందుగా తీసుకురావడానికి వెళ్ళాను. ఆయా హాలు మధ్యలో నిలబడి, "బాత్రూంకి ఎవరొస్తారో ఇప్పుడే లేవండి, మళ్ళీ టీ తర్వాతే" అని అందరికీ వినపడేలా చెబుతోంది. అంత పద్ధతిగా చూసుకుంటున్నారని సంతోషించాను.

అయినా అత్తయ్యగారికి అక్కడికి వెళ్ళడం ఇష్టం లేదు. వారంలో రెండు రోజులైనా "ఇవాళ వద్దులే అమ్మాయ్" అంటారు. ఎందుకని అడిగితే "ఏం లేదు, బాగానే చూస్తారు" అంటారు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, కన్నతల్లిని పరాయివాళ్ళ పాలు చేశానని ఏడుస్తుంది. మావారేమో "కొన్నాళ్ళకు అలవాటవుతుంది" అని ఊరుకుంటారు. ఇంకో చిన్న సంగతి. సెంటర్ ఉన్న రోజుల్లో అత్తయ్యగారు పొద్దున కాఫీ సగం గ్లాసు తాగి వదిలేస్తున్నారు. నీళ్ళ సీసా నింపి ఇస్తే సాయంత్రం అలాగే తిరిగొస్తోంది. శనాదివారాల్లో మామూలుగానే తాగుతారు. వయసుతో వచ్చే చాదస్తం కాబోలు. నేను ఉద్యోగం మానెయ్యనా, ఇంట్లో మనిషిని పెట్టనా, లేక ఆవిడ మాట పట్టించుకోకుండా ఇలాగే పంపనా?

— ఒక కోడలు, హైదరాబాద్

సలహా

మీరు అడిగిన మూడింటికీ ముందు టూకీగా చెబుతాను. ఉద్యోగం మానకండి. మీరు ఇంట్లో కూర్చున్నంత మాత్రాన అత్తగారికి తన ఈడువాళ్ళు దొరకరు. ఇంట్లో మనిషిని పెట్టుకోవడం తప్పు కాదు గానీ, తలుపులేసిన ఫ్లాట్‌లో రోజంతా ఒక పెద్దావిడ, ఒక కొత్త మనిషి మాత్రమే ఉంటే లోపల ఏం జరుగుతోందో చూసే నాథుడుండడు. ఇలాగే పంపనా అంటే, పంపండి గానీ ఇలాగే వద్దు. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కూర్చున్నది ఆ సగం గ్లాసు కాఫీ కోసం. దాన్ని మీరు చాదస్తం అన్నారు. ఆయా కేకను పద్ధతి అన్నారు. రెండూ మీ చేత్తోనే రాశారు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. ఆదివారం నిండు గ్లాసు తాగే మనిషి సోమవారం సగంలో ఆపుతున్నారంటే అది మతిమరుపు కాదు, లెక్క. ఎప్పుడు తాగితే ఎప్పుడు లేవాల్సి వస్తుందో, లేస్తే ఎవరెవరి ముందు లేవాలో వేసుకున్న లెక్క. మీ అత్తగారు రోజుకు ఎనిమిది గంటలు దాహం చంపుకుని కూర్చుంటున్నారు.

ఆ వయసులో ఇది చిన్న సంగతి కాదు. పెద్దయ్యే కొద్దీ దాహం తెలియడమే తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. అడిగిన కాస్తా కూడా ఆవిడ తాగడం లేదు. నీరు చాలకపోతే మలబద్ధకం వస్తుంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పట్టుకుంటుంది. పెద్దవాళ్ళలో ఇలాంటివి ఒక్కోసారి జ్వరం, మంట లాంటి లక్షణాలతో కాక తికమకగా బయటపడతాయి. ఇవాళ ఏ వారమో తెలియదు, మాటకు పొంతన ఉండదు. ఇంట్లోవాళ్ళు అది చూసి ఇక మతి పోతోందని తీర్మానించేస్తారు. మరో సంగతి కూడా చూడండి. బీపీ మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే రకం. బయటికెళ్ళే రోజున అలాంటి మాత్రను దాటేసేవాళ్ళు చాలామంది ఉంటారు. కాఫీ తగ్గించుకున్న మనిషి మాత్ర దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉంటారని అనుకోవడానికి లేదు. అట్ట తీసి లెక్కపెట్టండి. మిగిలి ఉంటే ఆవిడను నిలదీయకండి, డాక్టరుతో చెప్పండి. ఏ వేళకు మార్చవచ్చో, మార్చవచ్చో లేదో చెప్పాల్సింది ఆయనే.

అడిగితే "బాగానే చూస్తారు" అన్నారుగా, మరి ఈ బాధ ఎందుకు చెప్పరు అని మీకు అనిపించవచ్చు. ఎలా చెబుతారు? ఆ తరం ఆడవాళ్ళు ఈ అవసరాన్ని ఇంట్లో కొడుకు ముందు కూడా నోటితో అనరు. అలాంటావిడ మగవాళ్ళు కూడా కూర్చుని ఉన్న హాల్లో, ఆయా కేక విని, నొప్పి మోకాళ్ళ మీద మెల్లగా లేచి, అందరూ చూస్తుండగా వరసలో నిలబడాలి. ఆ క్షణంలో అవసరం లేక కూర్చుండిపోతే టీ అయ్యేదాకా ఓర్చుకోవాలి. పైగా కొడుకు కోడలు నెలకు 14,000 పోస్తున్నారు, నెపాలు ఎంచితే కృతఘ్నత అవుతుందన్న భయం ఒకటి. మన ఇళ్ళల్లో ఒక జబ్బు ఉంది. పెద్దవాళ్ళు నోరు మూసుకుంటే తృప్తిగా ఉన్నారనుకుంటాం, నోరు తెరిస్తే సాధిస్తున్నారంటాం. ఈ రెంటి మధ్య వాళ్ళు తమ కష్టం చెప్పుకునే చోటు మిగలదు. "ఇవాళ వద్దులే అమ్మాయ్" అన్నదే ఆవిడ చేయగలిగిన ఫిర్యాదు. దాన్ని వారానికి రెండుసార్లు చేస్తూనే ఉన్నారు.

సెంటర్ బాగుందని చెప్పడానికి మీరు ఇచ్చిన సాక్ష్యాలు చూడండి. ఏసీ, టీవీ, కుర్చీలు, పండగలు, ఫోటోలు. అన్నీ చూడటానికి వచ్చినవాళ్ళకు కనిపించేవి. డబ్బు కట్టేది మీరు, రోజంతా గడిపేది ఆవిడ. అందుకే సెంటర్లు కట్టేవాళ్ళ కంటికి నచ్చేలా తయారవుతున్నాయి. నాణ్యత అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది. బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ డిమెన్షియా ఉన్నవారి సంరక్షణ మీద 1997లో ఒక పుస్తకం రాశారు. జబ్బుకు తోడు చుట్టూ ఉన్నవాళ్ళ తీరు కూడా మనిషిని ఎలా కుంగదీస్తుందో అందులో వివరించారు. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం, వాళ్ళు అందుకోలేనంత తొందరపెట్టడం, ఎదుటే ఉన్నా లేనట్టు వాళ్ళ గురించి చెప్పుకోవడం ఆయన ఎత్తిచూపిన తప్పుల్లో కొన్ని. ఇవి చేసేవాళ్ళు దుర్మార్గులు కారు, చాలాసార్లు మంచి మనసుతోనే చేస్తారని కూడా అన్నారు. ఆయన బృందం రూపొందించిన పరిశీలన పద్ధతిలో ఒక మనిషి హాల్లో ఓ పక్కన కూర్చుని, కొందరు పెద్దవాళ్ళను గమనిస్తూ, ప్రతి 5 నిమిషాలకు ఒక్కొక్కరు ఏం చేస్తున్నారో, ఎలాంటి మనసుతో ఉన్నారో రాసుకుంటాడు. మీ అత్తగారికి డిమెన్షియా ఉందని నేననడం లేదు. ఆ చూసే తీరు ఏ డే కేర్‌కైనా వర్తిస్తుంది. ఆ లెక్కన మీ సెంటర్‌లో ఒక మధ్యాహ్నం రాస్తే ఎన్ని గడుల్లో "ఊరికే కూర్చుంది" అని ఉంటుందో ఆలోచించండి. ఫోటో తీసే 5 నిమిషాల్లో అందరూ చప్పట్లు కొడుతూనే ఉంటారు.

మరి ఎంపిక సంగతి? మీ అత్తగారు అక్కడ రోజులో ఏ ఒక్కటైనా తనంతట తాను నిర్ణయించుకుంటున్నారా? 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధుల నర్సింగ్ హోములో చేసిన అధ్యయనం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. ఒక అంతస్తులో ఉన్నవాళ్ళతో, మీ గది మీ ఇష్టం, ఈ మొక్కల్లో నచ్చింది తీసుకుని మీరే పెంచుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి అన్నారు. రెండో అంతస్తులో మొక్కలు చేతికిచ్చి, నీళ్ళు నర్సులు పోస్తారులెమ్మన్నారు, సినిమా ఎప్పుడో కూడా వాళ్ళే చెప్పారు. కొన్ని వారాలు తిరిగేసరికి తమ చేతిలో కాస్త పెత్తనం ఉన్నవాళ్ళు రెండోవాళ్ళ కన్నా ఉత్సాహంగా, చురుగ్గా ఉన్నారని తేలింది. చిన్న అధ్యయనమే, ఒక్క హోములో చేసిందే. కానీ దయగా చూసుకోవడం ఒక్కటే చాలదని అది చూపించింది. రెండో అంతస్తులోనూ దయకు లోటు లేదు మరి. బాత్రూముకు ఎప్పుడు వెళ్ళాలో కూడా తన చేతిలో లేని మనిషికి పండగ కార్యక్రమం ఏం ఊరటనిస్తుంది?

సెంటర్‌వాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలుసు. ఆయాలు తక్కువ, ఎవరికి వారు లేచి వెళితే జారిపడతారు, పడితే మీరే మా మీదికి వస్తారు అంటారు. పడతారన్న భయం నిజమైనదే. అయితే గంటల తరబడి ఓర్చుకుని, ఇక ఆగలేక ఆదరాబాదరా వెళ్ళేటప్పుడే పడే ప్రమాదం ఎక్కువ. అవసరమైనప్పుడు నిదానంగా, చెయ్యి పట్టుకునే మనిషితో వెళ్ళేవాళ్ళు పడటం తక్కువ. గోడకు పట్టుకునే కడ్డీ, తడి లేని నేల, మోకాళ్ళకు తగిన ఎత్తులో కమోడ్, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ, ఇవేవీ ఏసీ కన్నా ఖరీదైనవి కావు. ఆయా కేక వేసే బదులు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి చెవిలో అడగడానికి పైసా ఖర్చు కాదు. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా మొదలైంది. అక్కడి పగటి కేంద్రాలు వ్యాన్‌లో తీసుకెళ్ళి, భోజనం పెట్టి, వ్యాయామం చేయించి, చాలాచోట్ల స్నానం కూడా చేయిస్తాయి. ఒక్కొక్కరికి ఏ సాయం కావాలో ముందే కాగితం మీద పెడతారు. అంటే మనిషి ఒంటి అవసరాలను పక్కకు నెట్టకుండా, వాటినే సేవలో ముఖ్యమైన భాగం చేశారన్నమాట. మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం గురించి చెబుతుంది గానీ, ఇలాంటి ప్రైవేటు డే కేర్‌లో ఆయాలెందరుండాలో, బాత్రూము ఎలా ఉండాలో చెప్పదు. ప్రైవేటు సంరక్షణ సంస్థలకు కనీస ప్రమాణాలు పెట్టాలని 2019 డిసెంబరులో సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది, చట్టం కాలేదు. కాబట్టి ప్రస్తుతానికి తనిఖీ చేయాల్సింది కుటుంబమే.

ఇక మీ ఆడపడుచు. అమ్మను పరాయివాళ్ళ పాలు చేశారన్న మాటలో న్యాయం లేదు. పగలంతా ఒంటరిగా టీవీ ముందు కూర్చోబెట్టడం ప్రేమా, నలుగురిలోకి పంపడం నిర్దయా? డే కేర్ వాడుకున్న కుటుంబాల మీద అమెరికాలో స్టీవెన్ జారిట్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళను చూసుకునేవారు వారానికి కనీసం రెండు రోజులు పగటి కేంద్రానికి పంపితే వాళ్ళ మీది భారం, కుంగుబాటు తగ్గాయని తేలింది. చూసుకునే మనిషి నలిగిపోతే ఆ ఇంట్లో పెద్దావిడకు మిగిలేది విసుగే. ఆ అధ్యయనం కోడలికి దక్కే ఊరట గురించి చెబుతుంది, అత్తగారికి ఆ చోటు బాగుండటం వేరే లెక్క. రెండూ కలిస్తేనే డే కేర్ అన్న మాటకు అర్థం. మీ ఆడపడుచుకు అంత బాధ ఉంటే ఫోన్లో ఏడవడం మాని, ఒక పని చేయమనండి. కోడలితో చెప్పలేనిది తల్లి కూతురితో చెబుతుంది. "నీళ్ళు తాగుతున్నావా, అక్కడ లేవడానికి ఇబ్బందిగా ఉందా" అని నేరుగా అడిగి, జవాబు దాచకుండా మీకు చెప్పాలి. మీవారికి నా మాటగా చెప్పండి. అలవాటవుతుందని ఊరుకోవడం సమాధానం కాదు. దాహాన్ని చంపుకోవడం అలవాటైతే అది ఇంకా ప్రమాదం. ఆయన తల్లి గురించి సెంటర్ మేనేజరుతో మాట్లాడాల్సింది ముందు ఆయన. సెలవు పెట్టి, చెప్పకుండా పగటిపూట ఇద్దరూ వెళ్ళండి, హాల్లో ఒక గంట కూర్చోండి. లోపలి బాత్రూము మీరే వాడి చూడండి.

గొడవ పెట్టుకోవద్దు, అడగాల్సింది మాత్రం గట్టిగా అడగండి. ఆడవాళ్ళకు ఆడ ఆయా, ఎప్పుడంటే అప్పుడు వెళ్ళే వీలు, హాల్లో కేకలు బందు, పూటకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో రాసే కాగితం. దాంతోపాటు ఆవిడకు చేతనైన పని ఒకటి అప్పజెప్పమనండి. కూర ఒలవడమో, పూలు కట్టడమో, ఏది చేయాలో ఆవిడనే అడగమనండి. ఒక నెల చూడండి. నీళ్ళ సీసా ఖాళీ అయి తిరిగొస్తుంటే మారినట్టు. అలాగే నిండుగా వస్తుంటే సెంటర్ మార్చండి. దగ్గర్లో వేరే సెంటర్ల వివరాలకు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. సెంటర్ సంగతి వచ్చే వారం చూసుకున్నా ఫరవాలేదు, మాత్రల అట్ట మాత్రం ఈ పూటే తీసి చూడండి.