నీళ్ళు పెట్టినా ఆకు ఎందుకు వాడింది? (తోట పాఠం)



పోయిన ఎండాకాలం మత్తిగిరిలో మా మల్బరీ తోటలో ఒక తప్పు చేసినాం. ఆకు తొందరగా రావాలని ఆరిన నేలలో యూరియా, పొటాష్ మొదళ్ళ దగ్గరే కుప్పగా వేసి, కొంచెమే నీళ్ళు పెట్టినాం. నాలుగు రోజుల్లో ఆకు అంచులు మాడి, కొమ్మలు వాడినాయి. కారణం తెలియాలంటే రెండు మాటలు తెలుసుకోవాల.

*విసరణ:* ఏ పదార్థమైనా ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తాను పోవడం. ఊదుబత్తి వాసన ఇల్లంతా పాకేది ఇట్లే. పురుగు ఒంటి పక్కల ఉండే 9 జతల రంధ్రాల గుండా లోపలికి పోయిన ప్రాణవాయువు కణాల్లోకి చేరేదీ ఇట్లే. దీనికి పొర ఉన్నా, లేకున్నా ఒకటే.

*ద్రవాభిసరణ:* ఇదీ విసరణే, కానీ నీటిది మాత్రమే. మధ్యలో పొర ఉండాల. కణపొర నీళ్ళను పోనిస్తుంది, ఉప్పును, చక్కెరను సులభంగా పోనివ్వదు. అందుకని ఉప్పు కదలలేక, నీళ్ళే పలచని వైపు నుంచి చిక్కని వైపుకు పోతాయి. మామిడి ముక్కలకు ఉప్పు వేస్తే నీళ్ళు ఊరేది ఇందుకే.

మామూలుగా వేరు లోపలి రసం మట్టి నీటి కన్నా చిక్కన, కాబట్టి నీళ్ళు వేరులోకి వస్తాయి. మేం ఎరువు కుప్ప వేసేసరికి మట్టి నీరే చిక్కనైంది. నీళ్ళు వేరులోకి రావడం ఆగి, ఉన్నవీ బయటికి పోయినాయి.

ఇంట్లో చూడండి: ఉర్లగడ్డ ముక్కలు రెండు కోసి, ఒకటి మంచినీళ్ళలో, ఒకటి బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో వేయండి. రెండు గంటల తర్వాత మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా ఉంటుంది.

పురుగు విడిగా నీళ్ళు తాగదు, దానికి నీరంతా ఆకులోనిదే. అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

✅ ఎరువు మొదలుకు తగలకుండా, కొంచెం కొంచెంగా, తడి నేలలోనే వేయండి. వెంటనే బాగా నీళ్ళు పెట్టండి.
✅ కోసిన ఆకును తడి గోనెపట్ట కింద ఉంచండి. ఆకులోని తేమ గాలిలోకి పోకుండా ఆగుతుంది.
✅ కొంచెం వాడిన కొమ్మల మొదళ్ళు నీళ్ళలో నిలబెట్టండి, కణాలు నీళ్ళు తీసుకొని ఆకు లేస్తుంది. పూర్తిగా ఎండిన ఆకు లేవదు, దాని కణపొరే చెడిపోయి ఉంటుంది.
❌ నీళ్ళు కారే ఆకు పురుగులకు వేయొద్దు. పడకలో తేమ పెరిగి రోగాలొస్తాయి.

మా తోట మళ్ళీ చిగురించింది, కానీ ఒక పంట పోయింది. మీకు అట్లా కాకూడదని రాసినాం.