ఆస్తికి విలువ కట్టే అర్హత ఎవరిది?

ఇల్లు, స్థలం, ఫ్లాటు ఎంత చేస్తుందో లెక్కగట్టి సంతకంతో రిపోర్టు ఇచ్చే నిపుణుడే వాల్యుయర్. గృహరుణం, పిల్లల విదేశీ చదువుకు తనఖా రుణం, ఆస్తి అమ్మకంపై పన్ను, అన్నదమ్ముల పంపకం, బకాయిపడిన ఇంటి వేలం, వీటన్నింటిలోనూ ఆ రిపోర్టు పనికొస్తుంది. అయితే మన దేశంలో వాల్యుయర్లందరికీ కలిపి ఒకే చట్టం గానీ ఒకే లైసెన్సు గానీ లేదు. ఏ పనికి ఎవరి రిపోర్టు చెల్లుతుందో ఆ పనికి వర్తించే చట్టమో, రుణమిచ్చే సంస్థ నిబంధనలో చెబుతాయి. ఆఫీసు బోర్డు మీద ‘గవర్నమెంట్ అప్రూవ్డ్ వాల్యుయర్’ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ సంతకం అన్నిచోట్లా నిలవదు. ఆ గుర్తింపు ఇచ్చిందెవరు, ఏ తరగతి ఆస్తికి ఇచ్చారు అన్నవి ఫీజు కట్టకముందే తెలుసుకోవలసిన సంగతులు.

ఇలాంటి గుర్తింపులు ప్రధానంగా మూడు. వీటిలో పాతది సంపద పన్ను చట్టం, 1957లోని 34ఏబీ సెక్షన్ కింద ఆదాయపన్ను శాఖ ఇచ్చేది. సంపద పన్ను వసూలును 2015 బడ్జెట్‌లో ఎత్తేసినా ఈ రిజిస్ట్రేషన్ మాత్రం బతికే ఉంది. స్థిరాస్తి విభాగంలో దీన్ని పొందాలంటే సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్‌లో డిగ్రీ ఉండాలి. దానితోపాటు సాధారణంగా పదేళ్ల అనుభవం కావాలి. అది ప్రభుత్వ గెజిటెడ్ ఉద్యోగంలో వచ్చినదైనా, సొంత ప్రాక్టీసులో వచ్చినదైనా సరిపోతుంది. వ్యవసాయ భూములకు, తోటలకు, నగలకు వేరే అర్హతలు, వేరే రిజిస్ట్రేషన్ ఉన్నాయి. భవనాల వాల్యుయర్ మామిడితోటకు ఇచ్చిన రిపోర్టును పన్ను అధికారి పక్కన పెడితే తప్పుపట్టడానికి లేదు.

రెండోది కంపెనీల చట్టం, 2013లోని 247వ సెక్షన్ కింద వచ్చిన రిజిస్ట్రేషన్. దీని నిబంధనలు 2017 అక్టోబరు 18న అమల్లోకి వచ్చాయి. రిజిస్టర్ చేసే అధికారం దివాలా వ్యవహారాలు చూసే ఐబీబీఐకి అప్పగించారు. ఆస్తులను మూడు తరగతులు చేశారు: భూమి–భవనాలు, ప్లాంటు–యంత్రాలు, షేర్ల వంటి ఆర్థిక ఆస్తులు. భూమి–భవనాల తరగతికి పైన చెప్పిన మూడు శాస్త్రాల్లో ఒకదానిలో డిగ్రీ, ఆ తర్వాత అయిదేళ్ల అనుభవం కావాలి. పీజీ చేసినవారికి మూడేళ్లు చాలు. గుర్తింపు పొందిన వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకుని 50 గంటల కోర్సు చేయాలి. ఆపైన ఐబీబీఐ పరీక్షలో 60 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఇలా నమోదైన వారి పేర్లు ఐబీబీఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు ‘ఐబీబీఐ/ఆర్‌వీ’ అని మొదలవుతుంది. బిల్డరు దివాలా తీస్తే ఫ్లాటు కొన్నవారికి ఈ వాల్యుయర్లతోనే పని పడుతుంది. కంపెనీ ఆస్తులకు న్యాయమైన విలువ, లిక్విడేషన్ విలువ (కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మితే వచ్చేది) తేల్చేందుకు అప్పుడు ఇద్దరు రిజిస్టర్డ్ వాల్యుయర్లను విడివిడిగా నియమిస్తారు.

ఈ పద్ధతిలో పెద్ద లోటు ఒకటుంది. తరగతులే తప్ప మెట్లు లేవు. అయిదేళ్ల అనుభవం ఉన్న ఇంజినీరుకూ పాతికేళ్లు తలపండినవారికీ ఒకటే సర్టిఫికెట్. చిన్న ఇంటికీ పెద్ద మాల్‌కూ అదే సంతకం సరిపోతుంది. అమెరికాలో 1989 నాటి ఫెడరల్ చట్టం తర్వాత రాష్ట్రాలవారీగా లైసెన్సులు వచ్చాయి. అక్కడ శిక్షణార్థి ముందు ఒక సీనియర్ కింద పని చేస్తాడు. 1,000 గంటల అనుభవంతో లైసెన్స్‌డ్ రెసిడెన్షియల్, 1,500 గంటలతో సర్టిఫైడ్ రెసిడెన్షియల్, 3,000 గంటలతో సర్టిఫైడ్ జనరల్ స్థాయికి ఎక్కుతాడు. మొదటి రెండు స్థాయిల పరిధి నాలుగు వాటాల వరకు ఉన్న ఇళ్లు. వాణిజ్య భవనాలకు చివరి మెట్టు ఎక్కినవారే కావాలి. ఇంటిరుణం తీసుకునేవారికి రిపోర్టు ప్రతిని, రుణం ఖాయం కావడానికి కనీసం 3 పనిదినాల ముందే ఇచ్చి తీరాలన్న నియమమూ అక్కడ ఉంది. అక్కడ ఇల్లు కొంటున్న తెలుగువారు ఆ ప్రతిని తప్పక అడిగి తీసుకోవాలి. మన దేశంలోనూ వాల్యుయర్లకు ప్రత్యేక చట్టం, జాతీయ సంస్థ ఉండాలని కేంద్రం వేసిన నిపుణుల సంఘం 2020లోనే సిఫారసు చేసింది. అది చట్టం కావలసిన అవసరం నేటికీ అంతే ఉంది.

మూడో గుర్తింపు బ్యాంకు ప్యానెల్. మధ్యతరగతి కుటుంబానికి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. వాల్యుయర్లను ఎంచుకోవడానికి ప్రతి బ్యాంకుకూ తన బోర్డు ఆమోదించిన విధానం ఉండాలని, 50 కోట్ల రూపాయలు, అంతకు మించిన ఆస్తులకు కనీసం రెండు స్వతంత్ర రిపోర్టులు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఒక బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నవారు మరో బ్యాంకులో ఉండకపోవచ్చు. బయట సొంతంగా చేయించుకున్న రిపోర్టును బ్యాంకు ఒప్పుకోనక్కర్లేదు. అందుకే రుణం కోసమైతే ముందుగా బయట డబ్బు తగలెయ్యకూడదు.

రిపోర్టు చేతికొచ్చాక చూడవలసింది చివరి అంకె ఒక్కటే కాదు. వాల్యుయర్ స్వయంగా స్థలానికి వచ్చాడా, ఏ తేదీన వచ్చాడు, హద్దులు, రోడ్డు వెడల్పు, కట్టడం వయసు రాశాడా, చుట్టుపక్కల జరిగిన అమ్మకాలతో పోల్చాడా అన్నవి చూడాలి. హైదరాబాద్ శివార్లలో పంచాయతీ అనుమతి జీ ప్లస్ 2కు తీసుకుని పైన మరో అంతస్తు, దానిపై పెంట్‌హౌస్ లేపిన భవనాలు కొల్లలు. ప్లాన్ దగ్గర పెట్టుకుని టేపు పట్టే వాల్యుయర్ ఆ పై కట్టడాన్ని విలువలో కలపడు, కలిపినా అనుమతి లేదని విడిగా రాస్తాడు. చూడకుండానే మొత్తం అంతస్తులకు విలువ వేసిన రిపోర్టుతో రుణం సులువుగా వస్తుందేమో గానీ, ఆ ఫ్లాటు కొన్నవారికి రేపు కూల్చివేత నోటీసు వస్తే ఆ కాగితం రక్షించదు. బ్యాంకు రిపోర్టుల్లో మార్కెట్ విలువ, రియలైజబుల్ విలువ, డిస్ట్రెస్ విలువ అని మూడు అంకెలు కనిపిస్తాయి. రియలైజబుల్ విలువ అంటే అమ్మితే వాస్తవంగా చేతికొచ్చే ధర, డిస్ట్రెస్ విలువ అంటే హడావిడిగా అమ్మవలసివస్తే వచ్చే ధర.

తప్పుడు రిపోర్టుకు శిక్షలు ఉన్నాయి. తనకు ప్రయోజనం ఉన్న ఆస్తికి రిజిస్టర్డ్ వాల్యుయర్ విలువ కట్టకూడదు. కంపెనీల చట్టం కింద విధులు ఉల్లంఘిస్తే 50,000 రూపాయల జరిమానా. మోసపు ఉద్దేశం రుజువైతే ఏడాది వరకు జైలు, లక్ష నుంచి 5 లక్షల వరకు జరిమానా. ఐబీబీఐలో నమోదైనవారిపై 1,000 రూపాయల రుసుముతో ఎవరైనా అక్కడికే ఫిర్యాదు పంపవచ్చు. ఫీజు పుచ్చుకుని చేసిన సేవలో లోపం ఉందనుకుంటే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే వీలూ ఉంది.

పన్నుల విషయంలో ఒక పరిమితి చాలామందికి తెలియదు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తిని అమ్మితే, కొన్న ధర బదులు ఆ తేదీనాటి మార్కెట్ విలువను లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ ఆ విలువ, అప్పటి రిజిస్ట్రేషన్ శాఖ విలువ దొరికేచోట దాన్ని మించకూడదు. వాల్యుయర్ ఎంత పెద్ద అంకె వేసినా అంతవరకే. ఇంకోవైపు, అమ్మిన ధర కన్నా ప్రభుత్వ విలువే బాగా ఎక్కువగా ఉందని పన్ను వేయబోతే, ఆస్తిని శాఖ వాల్యుయేషన్ అధికారి పరిశీలనకు పంపమని అమ్మినవారు కోరవచ్చు.

అసలు ప్రమాదం వేలంలో ఉంది. బకాయిపడిన ఇంటిని సర్ఫేసీ చట్టం, 2002 కింద బ్యాంకు అమ్మేముందు ‘అప్రూవ్డ్ వాల్యుయర్’ చేత విలువ కట్టించి రిజర్వు ధర (వేలంలో కనీస ధర) నిర్ణయించాలి. నిబంధనల ప్రకారం ఆ వాల్యుయర్ 34ఏబీ కింద రిజిస్టరై, బ్యాంకు బోర్డు ఆమోదమూ పొంది ఉండాలి. అమ్మకానికి 30 రోజుల ముందు రుణగ్రహీతకు నోటీసు ఇవ్వాలి. రిజర్వు ధర మరీ తక్కువనిపిస్తే రిపోర్టు ప్రతిని, వాల్యుయర్ రిజిస్ట్రేషన్ వివరాలను లిఖితపూర్వకంగా అడిగి, మరో అర్హుడైన వాల్యుయర్ చేత విలువ కట్టించుకోవాలి. బ్యాంకు చర్యను సవాలు చేసే దరఖాస్తు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌లో వేయాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇవి హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. చర్య తీసుకున్న తేదీ నుంచి గడువు 45 రోజులే కనుక, నోటీసు అందిన వారంలోనే కాగితాలన్నీ పట్టుకుని న్యాయవాదిని కలవాలి.