గూఢచారి చిత్రముల వసూళ్లు: వాని లెక్క

చలనచిత్రశాల ముంగిట టిక్కెట్లు అమ్ము చిన్న గదికి బాక్సాఫీసని పేరు. కాలక్రమమున ఆ గదిలో పోగైన ధనమునకే ఆ పేరు స్థిరపడినది. నేడు మన బాలురు ఒక చిత్రమును గూర్చి మాటలాడునపుడు కథ యెట్లున్నదని అడుగుటకు ముందే అది ఎన్ని కోట్లు తెచ్చినదని అడుగుచున్నారు. భోజనవిరామమున వేపచెట్టు క్రింద జరుగు ఈ వాదములు ఒక్కొక్కప్పుడు స్నేహభంగమునకు గూడ దారితీయుచున్నవి. చిత్రములను చూడుడని గాని చూడవలదని గాని చెప్పుట మా ఉద్దేశము కాదు. కోట్లను గూర్చి వాదించువారు ఆ కోట్లను లెక్కించు విధమునైనను ఎరిగియుండవలెనని మాత్రము మా కోరిక. ఇందులకు గూఢచారి చిత్రములను ఉదాహరణముగా గైకొనుచున్నాము. ఏలయన, దాదాపు అరువదియేండ్లపాటు ఒకే వరుసలో వెలువడిన చిత్రములు ఆ జాతియందు కలవు. పాతవానిని క్రొత్తవానితో పోల్చుటలోనే లెక్క తప్పుటకు ఎక్కువ అవకాశమున్నది.

ఇయన్ ఫ్లెమింగు అను ఆంగ్ల రచయిత 1953లో జేమ్స్ బాండ్ అను గూఢచారిని నాయకునిగా జేసి మొదటి నవలను ప్రకటించెను. ఆ పాత్రతో 'డాక్టర్ నో' అను మొదటి చిత్రము 1962లో వెలువడెను. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' ఆ వరుసలో 25వది. ఈ కాలమున నాయకపాత్రను ఆరుగురు నటులు ధరించిరి. మొదటి చిత్రమునకైన వ్యయము సుమారు 10 లక్షల డాలర్లు; అది లోకమంతట రాబట్టిన మొత్తము 6 కోట్ల డాలర్లకు దగ్గర. 2012లో వచ్చిన 'స్కైఫాల్' 110 కోట్ల డాలర్లు తెచ్చి, ఆ వరుసలో నూరు కోట్లు దాటిన మొదటి చిత్రమని ప్రసిద్ధి కెక్కెను. ఇంతవరకు చూచినచో 'స్కైఫాల్' సాటిలేనిదని తోచును. కాని దాని వ్యయమో, 15 కోట్ల డాలర్లకు తక్కువ గాదు. మొదటి చిత్రము పెట్టిన పెట్టుబడికి అరువది రెట్లు తెచ్చినది; ఇది ఏడెనిమిది రెట్లకు మించి తేలేదు.

మరియొక విధముగా చూతము. 1965లో వచ్చిన 'థండర్‌బాల్' అమెరికా ఖండమున సుమారు 6 కోట్ల 36 లక్షల డాలర్లు వసూలు చేసెను. 'స్కైఫాల్' అచ్చటనే 30 కోట్ల 44 లక్షలు వసూలు చేసెను. రెండవది మొదటిదానికి దాదాపు అయిదు రెట్లు. అయితే 1965లో అచ్చట టిక్కెట్టు సగటు వెల ఒక డాలరు. 2012లో ఎనిమిది డాలర్లకు దగ్గర. వెలతో వసూలును భాగించినచో పాత చిత్రమునకు 6 కోట్లకు పైగా టిక్కెట్లును, క్రొత్తదానికి 3 కోట్ల 80 లక్షల టిక్కెట్లును తేలును. నాటి అమెరికా జనసంఖ్య 19 కోట్ల పైచిలుకు. 2012 నాటిది 31 కోట్ల పైచిలుకు. అనగా నాడు ముగ్గురికొక టిక్కెట్టు తెగినది, నేడు ఎనమండ్రకొకటి. పాత చిత్రమును తిరిగి ప్రదర్శించిన దినముల వసూళ్లు గూడ ఇందు కలిసియుండవచ్చును. ఒకడే రెండు మార్లు చూచియుండవచ్చును. కావున ఇది కచ్చితమైన తలల లెక్క కాదు. అయినను ఏది ఎక్కువమందిని రప్పించినదో ఈ భాగాహారము చెప్పకయే చెప్పుచున్నది. డాలర్ల సంఖ్య దానిని మరుగుపరచినది.

ఇక మన తెలుగునాటి సంగతి. 1966 ఆగస్టులో 'గూఢచారి 116' వెలువడెను. సుందర్‌లాల్ నహతా, డూండీ గారలు నిర్మాతలు. మల్లికార్జునరావు గారు దర్శకులు. కృష్ణ గారు కథానాయకులైన చిత్రములలో నిది మూడవది. జయలలిత గారు నాయిక. పరాసు చిత్రమొకటి దీనికి మూలము. ఈ చిత్రపు విజయముతో కృష్ణ గారికి ఆంధ్రా జేమ్స్ బాండ్ అను బిరుదు వచ్చి జీవితాంతము నిలిచినది. మరుసటి యేడు ఇదే కథ హిందీలో 'ఫర్జ్' అను పేర జితేంద్ర నాయకుడుగా వచ్చి అచ్చటను మిక్కిలి జయమందెను. తెలుగు చిత్రమునకు ఛాయాగ్రాహకులైన రవికాంత్ నగాయిచ్ గారే దానికి దర్శకులు. తరువాత కృష్ణ గారు 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981), 'గూఢచారి 117' (1989) మున్నగు చిత్రములలో ఇట్టి వేషములనే ధరించిరి. చిరంజీవి గారు 1983లో 'గూఢచారి నెం.1' లో నటించిరి.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. పైని చెప్పిన వరుసలోని బాండ్ చిత్రములను మొదటినుండి ఒకే సంస్థ నిర్మించినది. నాయకుని పేరు మారలేదు, ముఖములు మారినవి. తెలుగున ముఖము అట్లే యున్నది. నిర్మాతలు, కథలు, పాత్రల పేర్లు, తుదకు అంకెలు గూడ మారినవి. 116 నకును 117 నకును నడుమ ఇరువదిమూడేండ్లు గడచినవి. కావున 'వరుస' యనుమాట మన చిత్రములకు చెల్లునా యని ఎవరైన అడిగినచో, చెల్లదనియే మా అభిప్రాయము. ఆ అంకె ప్రేక్షకునకొక గుర్తు మాత్రమే. తుపాకి, మారువేషము, వేగముగా బోవు కారు ఇందున్నవని తెలుపుట దాని పని. అయినను వ్యాపారమున ఆ గుర్తుకు వెల కలదు. ఆ వెలను ముందుగా చెల్లించువాడు వేరొకడు.

వాడే బయ్యరు. చిత్రవ్యాపారులు తెలుగుదేశమును పాలుపంచుకొన్న తీరు చరిత్ర విద్యార్థులకు వినోదమును గొల్పును. తెలంగాణమునకు వారు నేటికిని 'నైజాం' అందురు. మన కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు ప్రాంతమునకు 'సీడెడ్' అని పేరు. 1800లో నిజాము తన రక్షణకై యుంచిన ఇంగ్లీషు సైన్యపు వ్యయమునకు బదులుగా ఈ సీమను తూర్పు ఇండియా కంపెనీకి దత్తము చేసెను. అందుచేత వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. ఇంగ్లీషున సీడెడ్ జిల్లాలు. థామస్ మన్రో దొర వీనికి మొదటి ప్రధాన కలెక్టరు. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల చేతిలోనే యుండెను. ఒకరు మరొకరికి ఇచ్చివేసిన సీమ యను ఆ పేరు మనకు తలవంపని యెంచి, 1928లో నంద్యాలలో గూడిన సభవారు రాయలసీమ యను పేరును గైకొనిరి. నిజాము పోయెను, కంపెనీ పోయెను, 1953 మొదలు మూడేండ్లు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై ఆ వైభవమును పోయెను. చిత్రవ్యాపారి ఖాతాపుస్తకమున మాత్రము మనమింకను దత్తమండలవాసులమే! నంద్యాల సభవారి మాట అందరు వినిరిగాని, చిత్రములు కొనువారు వినలేదు.

సీడెడ్ హక్కును కొనిన బయ్యరు చిత్రము తెర కెక్కకముందే నిర్మాతకు ధనము చెల్లించును. కొన్ని ఒప్పందములలో అది అడ్వాన్సు; నష్టము వచ్చిన కొంత తిరిగి ఇయ్యబడును. కొన్నిటిలో ఇచ్చినది ఇచ్చినట్లే. తరువాత టిక్కెట్లమీద వచ్చిన మొత్తమునకు గ్రాసు అని పేరు. దానినుండి ప్రభుత్వపు పన్ను పోగా మిగిలినది నెట్టు. దానినుండి చిత్రశాల అద్దె పోగా బయ్యరు చేతికి వచ్చునది షేరు. ఊహకు ఒక ఉదాహరణము: 100 రూపాయల టిక్కెట్లు వేయి తెగినచో గ్రాసు ఒక లక్ష. 2025 సెప్టెంబరునుండి 100 రూపాయలకు మించని టిక్కెట్టుపై పన్ను నూటికి 5 వంతున టిక్కెట్టు వెలలోనే చేరియున్నచో నెట్టు 95,238 రూపాయలు. అద్దె 30,000 అనుకొన్న షేరు 65,238 రూపాయలు. గోడపత్రికపై అచ్చుపడునది ఆ లక్ష. బయ్యరు అప్పు తీర్చునది ఈ అరువదియైదు వేలతో. బాలురు వాదించు 'వంద కోట్లు' గ్రాసా, షేరా యని అడిగిన అనేకులు తెల్లబోవుట మేమెరుగుదుము.

పూర్వము వసూలును కోట్లతో గాక దినములతో కొలిచెడివారు. నాడు చిత్రపు ప్రతులు కొద్ది. అవి మొదట పెద్ద పట్టణములలో ఆడి, పిదప చిన్న ఊళ్లకు వచ్చి, అరిగి గీతలు పడిన పిమ్మట పల్లెలలోని టూరింగు టాకీసులకు చేరెడివి. ఆదోని, ఎమ్మిగనూరు సంతలకు వచ్చిన రైతు నెలల తరువాత చూచినను అతనికి అది క్రొత్త చిత్రమే. ఏబది దినములు, నూరు దినములు అను లెక్క అట్లు పుట్టినది. ఆ లెక్కలోను మాయ లేకపోలేదు. ఒక శాలనుండి మరియొక శాలకు మార్చి నూరు నింపుటయు గలదు. దానిని షిఫ్టింగు అందురు. ఇప్పుడు వందలకొలది తెరలపై ఒకే దినమున చిత్రము వెలువడుచున్నది. మొదటి మూడు దినములలోనే బయ్యరు భాగ్యము తేలిపోవును. నూరు దినములాడిన చిత్రమును మూడు దినములలో కోట్లు తెచ్చిన చిత్రముతో పోల్చుట, శేరుతో కొలిచిన జొన్నలను గజముతో కొలిచిన గుడ్డతో పోల్చినట్లుండును.

టిక్కెట్టు వెలను ప్రభుత్వపు ఉత్తర్వు సయితము మార్చుచుండును. 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించిన వెలలలో గ్రామపంచాయతీలలోని చల్లదనపు యంత్రములు లేని శాలలకు అత్యల్పపు వెల 5 రూపాయలు. 2022 మార్చిలో ఆ వెలలు సవరింపబడి, అత్యల్పము 20 రూపాయలాయెను. అదే శాల, అదే బల్ల, అదే జనము. వసూలు మాత్రము నాలుగు రెట్లు! ఈ రెండు ఉత్తర్వుల నడుమ వచ్చిన చిత్రమునకును, తరువాత వచ్చిన చిత్రమునకును కోట్లలో పోలిక పెట్టి నాయకుల గొప్పతనమును తేల్చువారిని ఏమనవలెను?

ఈ లెక్కకు మరియొక ప్రక్క కలదు. మా మనస్సు దానిపైననే ఎక్కువగా నిలిచినది. మన జిల్లాలో వానలు తప్పిన యేట ఉపాధి హామీ పనియే పలు కుటుంబములకు ఆధారము. 2024–25లో ఆ పనికి మన రాష్ట్రమున దినకూలి 300 రూపాయలు. నలుగురున్న కుటుంబము 100 రూపాయల టిక్కెట్లు కొనినచో 400. ఒక దినపు కూలి చాలదు. పట్టణమునకు బస్సు ఖర్చు వేరు. క్రొత్త చిత్రమునకు మొదటి దినములలో వెలలు పెంచుకొనుటకు అనుమతి దొరికినపుడు ఇంకను ఎక్కువ. కావున వసూలు పెరిగిన ప్రతి సారి చూచువారు పెరిగిరని తలపరాదు. వెల పెరిగి, జనము తగ్గి, మొత్తము మాత్రము పెరుగుట సాధ్యమే. కర్నూలు మండలపు పల్లెలలో టూరింగు టాకీసులు అదృశ్యమైన పిమ్మట కూలివాడు ఈ లెక్కలోనుండి మెల్లగా జారిపోయెను. గోడపత్రికపై సంఖ్య అతని లేమిని చూపదు.

ఆ సంఖ్యను సరిచూచువారెవరు? మన దేశమున చిత్రముల వసూళ్లను తనిఖీ చేసి ప్రకటించు ప్రభుత్వసంస్థ లేదు. పత్రికలలో వచ్చునవి వ్యాపారుల అంచనాలు. గోడపత్రికలపై వచ్చునవి నిర్మాతల ప్రకటనలు. న్యాయమైన తూనికరాళ్లను గూర్చి వేదపాఠమున చదువు మన బాలబాలికలు, ముద్రితమైనదెల్ల తూచబడినదని నమ్మరాదు.

ఇటీవలి రెండు ఉదాహరణములు చాలును. 2018లో అడివి శేష్ గారు రచనలో పాల్గొని నటించిన 'గూఢచారి', శశికిరణ్ తిక్క గారి దర్శకత్వమున, స్వల్పవ్యయముతో తీయబడి లాభించెను. పేరు పాత చిత్రమును తలపించినను, కొనినవారు చెల్లించిన వెల మితముగా నుండుటయే దాని బలము. 2023 ఏప్రిలులో అఖిల్ గారు నటించిన 'ఏజెంట్' భారీవ్యయముతో వచ్చి కొద్ది దినములకే చతికిలబడెను. కథ పూర్తిగా సిద్ధము గాకయే పని మొదలిడితిమని నిర్మాత బహిరంగముగా నొప్పుకొనెను. ఆ నిష్కాపట్యము మెచ్చదగినదే. రెండింటియందును నాయకుడు గూఢచారియే. రెండవదాని మొదటి దినపు వసూలు ఎంతయైనను, దానిని కొనిన వెల ముందు అది నిలువలేదు.

ఇప్పుడు గణితమును అభిమానించువారికి ఒక లెక్క. ఇది కల్పితము. ఒక ఊరిలో రెండు గూఢచారి చిత్రములు ఆడినవి. మొదటిదానికి టిక్కెట్టు 20 రూపాయలు, చూచినవారు 6,000 మంది. బయ్యరు కొనిన వెల 60,000 రూపాయలు. రెండవదానికి టిక్కెట్టు 100 రూపాయలు, చూచినవారు 1,500 మంది. కొనిన వెల 1,50,000 రూపాయలు. రెండింటికిని టిక్కెట్టు వెలలోనే చేరిన పన్ను నూటికి 5 వంతున, అద్దె 30,000 రూపాయల చొప్పున. గ్రాసు దేనికెక్కువ? ఏ బయ్యరునకు ఎంత మిగిలెను, ఏ బయ్యరునకు ఎంత పోయెను? జవాబులను రూపాయల వరకు కట్టి గణితోపాధ్యాయునకు చూపవచ్చును.