లనావో సరస్సు మత్స్యములు: ఒక గుణపాఠము

ఫిలిప్పీన్స్ దేశమందలి మిండనావో ద్వీపమున లనావో అను ప్రాచీన సరస్సు గలదు. దాని వైశాల్యము సుమారు 340 చదరపు కిలోమీటర్లు. తీరవాసులగు మరనావో ముస్లిముల పేరునకే 'సరస్సు ప్రజలు' అని అర్థము. ఆ సరస్సు చేపలు తరతరములుగా వారి ఆహారము, జీవనోపాధి.

మన చెరువులలోని పరిగె, బొచ్చెల కుటుంబమునకు చెందిన పెక్కు జాతులు ఆ సరస్సునకే పరిమితమై యుండెను. 1924లో ఆల్బర్ట్ హెర్రే అను శాస్త్రజ్ఞుడు వానిని వర్ణించెను. ఒకే పూర్వజాతినుండి ఇన్ని జాతులు పుట్టెనని తలచి, పరిణామ శాస్త్రజ్ఞులు వీనిని దృష్టాంతముగా పేర్కొనిరి.

పిమ్మట బయటినుండి వచ్చి చేరిన మాంసాహార మత్స్యములు వీనిని భక్షించినవి. మితిమీరిన వేట, వినాశకరమైన వేట పద్ధతులు తోడైనవి. ఐ.యు.సి.ఎన్. సంస్థ 2020 డిసెంబరులో ప్రకటించిన ఎర్ర జాబితాలో, ఈ సరస్సునకును, దానినుండి వెడలు నదికిని పరిమితమైన 17 జాతులలో 15 అంతరించినవిగా నమోదైనవి. తక్కిన రెండును తీవ్ర ప్రమాదమందున్నవి, బహుశః అంతరించినవి.

ఒక జాతియందలి చివరి ప్రాణియు మరణించెననుటకు సహేతుకమైన సందేహము లేనపుడే ఆ జాతి 'అంతరించినది' అనబడునని విద్యార్థులు గమనింపవలెను. ఒక్క సరస్సే నివాసమైన జీవికి వేరొక ఆశ్రయము లేదు. కావున కొత్త చేపను ఏ నీటనైనను విడుచుటకు పూర్వమే విచారింపవలెను. విడిచిన పిదప విచారించి ఫలము లేదు.