విత్తనం ఒక్కటే కాదు, నేల కూడా



మొన్న ఒక ఇంటికి రోగిని చూడబోయాను. ఆ ఇంటి పెద్దకు క్లోమ గ్రంథిలో క్యాన్సర్. కొడుకు నన్ను వాకిట్లోకి పిలిచి, "ఫాదర్ గారూ, మందు నరానికి ఎక్కిస్తాండారు గదా, గడ్డ ఎందుకు కరగల్యా?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు మన కుటుంబాలన్నీ తెలుసుకోదగినది.

క్లోమ గ్రంథి కడుపు వెనుక, వెన్నెముకకు ముందు దాగి ఉంటుంది. అన్నం అరగడానికి రసాలనూ, చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌నూ ఇస్తుంది. అక్కడ పుట్టే గడ్డలో అంతా క్యాన్సర్ కణాలే ఉంటాయనుకుంటాం. నిజానికి చాలా గడ్డల్లో సగానికి పైగా ఉండేది చుట్టూ పేరుకున్న నారపదార్థమూ, దానిని తయారుచేసే సహాయక కణాలూ. దీనినే వైద్యులు స్ట్రోమా అంటారు.

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్లేయ వైద్యుడు, క్యాన్సర్ కణం విత్తనం వంటిదనీ, అనువైన నేల దొరికితేనే మొలుస్తుందనీ చెప్పాడు. వేరుశనగ వేసే అనంతపురం రైతుకు ఈ మాట కొత్త కాదు.

ఇక్కడ ఆ నేలను తయారుచేసేవి నక్షత్రాకార కణాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి విటమిన్ 'ఎ' బొట్లను దాచుకొని మౌనంగా ఉంటాయి. గ్రంథికి దెబ్బ తగిలితే మేల్కొని, గాయం మాన్పడానికి కొల్లాజెన్ అనే నారను అల్లుతాయి. గాయం మానితే పని ఆపాలి. క్యాన్సర్ వాటిని ఆపనివ్వదు. నార గట్టిపడి రక్తనాళాలను నొక్కివేస్తుంది. ఎండిన ఎర్రనేల పైపొర గట్టిపడితే వాన నీరు లోపలికి ఇంకక పారిపోయినట్లే, మందు గడ్డ లోపలికి చాలినంత చేరదు. అంతేకాక ఈ కణాలు క్యాన్సర్‌కు ఆహారం అందిస్తాయి. మనలను కాపాడే తెల్లకణాలను దూరంగా నిలుపుతాయి.

అయితే ఆ కంచెను పెరికివేస్తే సరిపోదా? శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. 2009లో ఎలుకలలో నారను తగ్గించే మందు ఇస్తే క్యాన్సర్ మందు బాగా లోపలికి చేరింది. కాని అదే తరహా మందును రోగులకు ఇచ్చి చూడగా, వారు మరింత త్వరగా క్షీణించడంతో 2012లో ఆ పరీక్షను ఆపివేశారు. 2014లో అమెరికాలోని హ్యూస్టన్‌లో రఘు కల్లూరి బృందం ఎలుకలలో ఈ సహాయక కణాలనే తొలగించి చూసింది. గడ్డలు మరింత మొండిగా మారాయి, ఎలుకలు ముందే చనిపోయాయి. అంటే ఆ కంచె క్యాన్సర్‌కు తోడ్పడుతూనే కొంత అడ్డుకట్టగా కూడా నిలుస్తున్నది. నీరు పారాలని గట్టు మొత్తం తెగగొడితే మట్టే కొట్టుకుపోతుంది గదా!

కనుక ఇప్పటి ప్రయత్నం ఆ కణాలను చంపడం కాదు, తిరిగి శాంతింపజేయడం. విటమిన్ 'ఎ' జాతికి చెందిన మందుతో లండన్‌లో రోగులపై జరిపిన తొలిదశ పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఇది ఇంకా పరిశోధనే. ఎవరూ సొంతంగా విటమిన్ 'ఎ' మాత్రలు మింగవద్దు. మోతాదు మించితే కాలేయం చెడుతుంది.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? బీడీ, సిగరెట్టు ఈ క్యాన్సర్‌కు దారి తీస్తాయి. సారా క్లోమాన్ని పదే పదే వాయగొట్టి నేలను పాడుచేస్తుంది. వీటిని మానండి. వీపులోకి పాకే కడుపునొప్పి తగ్గకపోయినా, కళ్ళు పచ్చబడినా, తిండి తింటున్నా బరువు తగ్గుతున్నా, యాభై దాటాక హఠాత్తుగా చక్కెర వ్యాధి కనిపించినా "గ్యాసులే" అని సోడా తాగి ఊరుకోవద్దు. చాలాసార్లు కారణం చిన్నదే కావచ్చు. అయినా పరీక్ష చేయించుకోండి.

ఆ కొడుకుతో నేను చెప్పింది ఇదే: "నాయనా, మందు చేరకపోవడం మీ నాయన తప్పు కాదు, నీ తప్పూ కాదు. నేల గట్టిపడింది. డాక్టరు చెప్పినట్లు నడుచుకో, ఆయన దగ్గర కూర్చో." రోగి ఉన్న ప్రతి ఇంటికీ నా మాట ఇదే.